అంచు దాటని పాదం

సుబేదారిలో మా డాబా మీద పాత జంపఖానా ఉతుకుతుంటే, తడి నూలు వాసనతో పాటు దాని నడుమ చిన్న పచ్చటి పాదం ముద్ర తేలింది. అది నాదే, నాకు ఎనిమిదేళ్లున్నప్పటిది.

జంపఖానాలు నేసే ఇల్లు మాది. మగ్గం మీంచి దించిన కొత్త సరుకును తొక్కడం మా ఇంట్లో నేరం. ఆ ఏడు ఏషియన్ గేమ్స్ ఊషూ అనే యుద్ధకళ పోటీ టీవీలో వస్తోంది. చైనా అమ్మాయి ఒకతె కత్తి పట్టుకుని పెద్ద తివాచీ మీద ఎగిరి దూకుతోంది.

“బాపూ, గా అక్క తొక్కుతాంటే ఎవ్వరేమంటలేరేంది?”

“దుంకెతందుకే పరిశిండ్రు బిడ్డా. అంచు దాటితెనే మార్కులు పోతయ్.”

అంటే మధ్యలో తొక్కితే తప్పు లేదన్నమాట. మర్నాడు బాపు బయటికెళ్లగానే, నూలుకు అద్దిన పచ్చరంగు నీళ్లు నిలిచిన వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి కొత్త జంపఖానా నడిమధ్యకు దూకాను.

బాపు వచ్చి ఆ ముద్రను చూశాడు.

“అంచు దాటలే బాపూ,” అన్నాను.

“దాటలే బిడ్డా. మార్కులు పోలే,” అంటూ ముద్ర లోపలికి పోయేలా మడత పెట్టాడు.

ఆ ముద్ర చూసి, మా సరుకు కొనే షాపాయన దాన్ని తీసుకోలేదని, అందుకే అది మా ఇంట్లో ఉండిపోయిందని పెద్దయ్యాక తెలిసింది. ఆ రోజు మార్కులు పోయింది బాపుకి.