కోయని షీటు

మా ఆయన పోయిన తర్వాత, ఆయన నడిపిన పత్రికకు ఆఖరి సంచిక ఒకటి తేవాలని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రెస్సుల వాళ్లు అనుకున్నారు. అది ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ల కోసం నడిచిన నెలపత్రిక. ఎనిమిది పేజీలు. ఎండాకాలంలో రోలర్లు మెత్తబడకుండా ఏం చేయాలి, పాత మిషన్లకు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి, ఎవరి ప్రెస్సు మూతపడింది, ఎవరింట్లో పెళ్లి, ఇవే అందులో ఉండేవి. సీసపు అక్షరాలు పోయి ఆఫ్‌సెట్ వచ్చింది, తర్వాత ఫ్లెక్సీ మిషన్లు వచ్చాయి. పత్రిక మాత్రం ఎనిమిది పేజీలు దాటలేదు. ప్రూఫులు నేను చూసేదాన్ని.

చివరి పేజీ తప్పులది. పెళ్లిపత్రిక రెండో వైపు తలకిందులుగా వేసినవాడు, సిరా ఆరకముందే కరపత్రాలు కట్టలు కట్టినవాడు, తానే ఆ సంగతి రాసి పంపాలి. నియమం ఒక్కటే: ఎవరి తప్పు వాళ్లే రాయాలి, ఇంకొకరిది రాయకూడదు. అందరూ ముందు ఆ పేజీయే తీసేవాళ్లు. సోమల నుంచి ఒకాయన తప్పకుండా నెలనెలా రాసేవాడు. "ఈ నెల తప్పేమీ జరగలేదు, మన్నించాలి" అని ఒకసారి రాశాడు. మా ఆయన నవ్వి అదీ వేశాడు.

ఆఖరి సంచికకు పత్రిక చరిత్ర నన్ను రాయమన్నారు. అప్పటికే సంతాప వ్యాసాలు చాలా వచ్చాయి. వాటిలో మా ఆయన నాకు ఎక్కడా కనబడలేదు. జరిగింది జరిగినట్టు రాయనిస్తే రాస్తానన్నాను, సరేనన్నారు.

ఇంట్లో అన్ని సంచికలూ వరుసగా ఉన్నాయి, మొదటిది తప్ప. పుంగనూరులో ఒక పాత మిషన్‌మ్యాన్ దగ్గర ఉందంటే వెళ్లాను. లోపలి పేజీల్లో ప్రతి వరుసకూ చివరి అక్షరం తెగిపోయి ఉంది.

"ఇదేమన్నా, ఇట్లా ఉంది?"

"కత్తెరప్ప నిర్వాకం అది మా. ఇప్పుడు కుప్పంలో బైండింగు చేస్తాండాడే, ఆయప్ప. అప్పుడు మీ మదనపల్లెలోనే కటింగ్ మిషన్ మీద ఉండె. కొత్త పత్రికని ముద్దుగా చేతికిస్తే, కోసి పారేసినాడు. ఓనరు ఆయప్పని ఆ మిషన్ మీద నుంచి తీసేసి జిగురు పూసే పనికి పెట్టినాడు. మేము ఈ పొద్దుటికీ కత్తెరప్ప అనే అంటాము."

కుప్పంలో ఆయన నాకు బాగా తెలిసిన మనిషే. అందరికీ పత్రిక పోస్టులో పంపి, కుప్పం కాపీలు మాత్రం మా ఆయన తానే బస్సులో తీసుకెళ్లేవాడు. స్నేహం కొద్దీ అనుకునేదాన్ని. నేను వెళ్లి మొదటి సంచిక సంగతి చెబితే, ఆయన పెట్టె అడుగు నుంచి ఒక షీటు తీసి మంచం మీద పరిచాడు. అచ్చయి, కోయకుండా మిగిలిన షీటు. వరుసలన్నీ పూర్తిగా ఉన్నాయి. ఎక్కడ కోయాలో చూపే చిన్న గీతలు అంచుల్లో ఉన్నాయి; స్కేలు పెట్టి వాటిని కలిపితే మాత్రం కోత లోపలి పేజీల్లో అక్షరాల మీదుగా పోతోంది. ఆ గీతలు పెట్టింది మా ఆయన. ఆ సంచికకు ఆ పనంతా తానొక్కడే చేశానని ఎన్నోసార్లు గర్వంగా చెప్పాడు.

"గీత మీదే కోసినావా అన్నా?"

"గీత మీదే కోసినా మా. పైన అట్ట పేజీ బాగానే ఉండె. కట్ట లోపల యాడ సూస్తాం?"

"మరి అప్పుడే చెప్పలేదెందుకు?"

"అందరి ముందర మీ ఆయన నాదే తప్పని అనేసినాడు. ఈ షీటు ఎత్తుకుని పోయి మొగాన పెడదామనుకుంటి. కోపంతో పోలా. మూడో నెల తప్పుల పేజీ మొదలుపెట్టినాడు. నేను ఈడికి వచ్చేసినంక నెలనెలా వస్తాండె."

"ఎప్పుడైనా ఒప్పుకున్నాడా?"

"లేదు. కూర్చుంటాడు, టీ తాగతాడు, కత్తి పదును సూస్తాడు. 'బాగా కోస్తావప్పా నువ్వు' అంటాడు. వచ్చినప్పుడంతా అదే మాట. ఇంగేం చెప్పల్ల మా, ఆయప్ప?"

నేను తల దించుకున్నాను. ఆయన అన్నాడు, "పోయినోడి మీద ఏమీ రాయొద్దు మా. కత్తెరప్ప అంటే నాకిప్పుడు కోపం లేదు."

"లేదంట!" లోపలి నుంచి ఆయన భార్య అంది. "పుంగనూరులో పెండ్లికి పిలిస్తే ఆ మాట అంటారని పోలేదే, అది ఎందుకో చెప్పు."



మా ఆయన తప్పు నేను రాయకూడదు. అది ఆయన పెట్టిన నియమమే. ఈయన మీద ఉన్న నిందను అలాగే వదిలి, చరిత్ర అని పేరు పెట్టి ఇంకేదో రాయడం కూడా నా వల్ల కాదు. చివరికి అడిగాను: "ఏమీ రాయను. ఈ షీటును ఉన్నదున్నట్టు, ఇదే సైజులో, రెండు వైపులా అచ్చు వేయించి ప్రతి కాపీలో పెడతాను. ఇస్తావా అన్నా?"

ఆయన షీటు అంచు వేలితో సరిచేశాడు.

"బైండింగు నాకే ఇయ్యల్ల" అన్నాడు. "దీన్ని మాత్రం కొయ్యను, ముందే చెప్తాండా."

అలాగే చేశాం. షీటు కింద 'మొదటి సంచిక, కోయకముందు' అని మాత్రం వేయించాను. చరిత్రలో మా ఆయన నెలనెలా కుప్పం వెళ్లడం గురించి రాశాను, కారణం రాయలేదు. చదివేవాళ్లు ప్రెస్సుల వాళ్లు. వాళ్లకు స్కేలు ఎక్కడ పెట్టాలో ఒకరు చెప్పనక్కర్లేదు.

కాపీలు పంపిన నాలుగో రోజు పుంగనూరు నుంచి ఆ మిషన్‌మ్యాన్ ఫోన్ చేశాడు.

"స్కేలు పెట్టి సూసినా మా" అన్నాడు. వెనక ఆటోల చప్పుడు వినిపిస్తోంది. "ఆయప్ప నంబరు నా దగ్గర లేదు. ఇస్తావా?"

ఇచ్చాను.

"ఈ పొద్దు ఇంట్లో ఉంటాడా?"

"ఉంటాడన్నా" అన్నాను.