మూడుసార్లు మోగిన సైరన్

మూడేళ్ల కిందట, వానాకాలం వరి కోతల రోజులు. బాన్సువాడ నుంచి బీర్కూర్ వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు విత్తన పరిశోధన కేంద్రంలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. ప్రమాదం జరిగితే ఎవరు ఎవరికి ఎలా కబురు చేయాలో ముందే రాసిపెట్టడం నా పని. దాన్ని మేం ఎమర్జెన్సీ నోటిఫికేషన్ ప్లాన్ అంటాం. అందులో ముఖ్యమైనది కాల్ ట్రీ. అంటే ఒకరు ఇద్దరికి ఫోన్ చేస్తే, ఆ ఇద్దరూ మరో నలుగురికి చేస్తారు.

ఆ ప్లాన్ మీద నాకు కాస్త గర్వం ఉండేది. శాస్త్రవేత్తల నుంచి వాచ్‌మన్ దాకా అందరి నంబర్లూ రాశాను. సైరన్ మాత్రం ఒక్కటే. ఒకసారి పొడవుగా మోగితే భోజన విరామం అయిపోయినట్టు, ఆగి ఆగి మూడుసార్లు మోగితే ప్రమాదం. రోజూ మోగిస్తే అది పాడైందో లేదో తెలుస్తుందని ఆ ఏర్పాటు నేనే చేశాను.

ప్రయోగ మళ్లలో కోతకొచ్చే ఆడకూలీలు ఆ జాబితాలో లేరు. వాళ్లను మేస్త్రి తీసుకొచ్చేవాడు. రోజూ మనుషులు మారేవారు, అందరికీ ఫోన్లుండేవి కావు. వాళ్లలో పెద్దామె బీర్కూర్ సాయవ్వ. ఒకరోజు నేను సైరన్ పరీక్షిస్తుంటే దగ్గరికొచ్చింది.

"సారు, గిది మూడుసార్లు మోగుతుందేంది? గట్ల మోగితే మేమేం చెయ్యాలె?"

"మీ మేస్త్రికి చెప్త తియ్ అవ్వా," అన్నాను.

చెప్పాలనే అనుకున్నాను. ఆ వారం ఆడిట్ వాళ్లొచ్చారు. ఆ హడావిడిలో మరిచిపోయాను.

మా విత్తనాల కోల్డ్ స్టోరేజీని చల్లబరిచేది అమ్మోనియా. ఒక మధ్యాహ్నం, విరామం ముగియడానికి ఇంకా పది నిమిషాలున్నాయనగా, పైపు అతుకు దగ్గర ఆ వాయువు లీకైంది. ఆపరేటర్ ఫోన్ చేయగానే సైరన్ మూడుసార్లు మోగించాను. కాల్ ట్రీ అనుకున్నట్టే నడిచింది. సిబ్బందంతా గేటు దగ్గరికి చేరుకున్నారు. పేర్లు పిలిచి టిక్కులు పెట్టుకున్నాను. ఒక్కరూ తగ్గలేదు.

అప్పుడు వాచ్‌మన్ కోల్డ్ స్టోరేజీ వైపు చెయ్యి చూపించాడు. కూలీల కొడవళ్లు దాన్ని ఆనుకుని ఉన్న షెడ్డులో ఉంటాయి. సైరన్ విని, విరామం అయిపోయిందనుకుని, గట్టు మీద తింటున్నవాళ్లు లేచి అటే నడిచారు. ఘాటు తగలగానే సాయవ్వ వెనకున్నవాళ్లను వెళ్లగొట్టి, అప్పటికే షెడ్డులోకి పోయిన ఒకామె కోసం తాను లోపలికెళ్లింది. మాస్కు వేసుకున్న ఆపరేటర్ ఇద్దరినీ బయటికి లాక్కొచ్చాడు. బాన్సువాడ దవాఖాన నుంచి వాళ్లను నిజామాబాద్ పంపారు. రెండో ఆమె వారంలో కోలుకుంది. సాయవ్వ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

సిబ్బంది అందరికీ సకాలంలో సమాచారం అందిందని నివేదిక రాసి సంతకం పెట్టాను. కాగితం మీద అది అబద్ధం కాదు. కూలీలు సిబ్బంది కిందికి రారు.

నెల తర్వాత సాయవ్వ ఇంటికి వెళ్లాను. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. మేస్త్రికి చెప్పడం మరిచిపోయానని ఒప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"మీరు మోగిచ్చిండ్రు, మేం పనికి లేసినం," అంది. ఊపిరి తీసుకుని, "పిలుస్తుండ్రనుకున్నం సారు. పొమ్మంటుండ్రని మాకెట్ల తెలుస్తది?" అంది.

తిరిగొచ్చి నివేదికకు ఇంకో పేజీ జతచేసి, తప్పు నాదేనని రాశాను. పైవాళ్లు మందలించి వదిలేశారు.

ఇప్పుడు ప్రమాదానికి వేరే సైరన్ ఉంది. కోతల రోజుల్లో పొద్దున్నే కూలీలు మడిలో దిగకముందే వెళ్లి, ఇది మోగితే ఎటు పోతారని ఒక్కొక్కరినీ అడుగుతాను. గేటు వైపు చెయ్యి చూపించేదాకా కదలను. కబురు పంపడంతో నా పని అయిపోదని, అవతలి మనిషికి అది అర్థమైందో లేదో చూసుకోవాలని ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇంత ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక్కొక్కరిని అడగడానికి అర నిమిషం కూడా పట్టదు. సాయవ్వ తానే వచ్చి అడిగినా, ఆ అర నిమిషం నేనివ్వలేదు.

ఆమె మళ్లీ కోతకు రాలేదు.