స్నానాల గదిలో నల్ల తలుపు

ఇంట్లో ఆమెను అందరూ జిగురమ్మ అంటారు. పాత చైనా బీరువాల మీద పెచ్చులూడిన నల్లటి పూతను బాగుచేయడం ఆమె వృత్తి. పన్నెండేళ్లు గురువుగారి పక్కన కూర్చుని నేర్చుకుంది. ముందు గదిలో బల్ల మీదున్న ఈ బీరువా తలుపు మాత్రం ఆమె ఒంటిచేత్తో చేస్తున్న మొదటి పని. తలుపు మీద ఎగిరే కొంగకు సగం రెక్క ఊడిపోతే, ఆ చోటు పూడ్చి పూత వేసింది. శనివారం గురువుగారు చూసి సరేనంటే, ఇక సొంతంగా పనులు ఒప్పుకోవచ్చు.

బుధవారం బజారు నుంచి వచ్చేసరికి తలుపు పక్కన ఫ్యాను గిర్రున తిరుగుతోంది.

"తడి ఆరలేదని పొద్దుననగా పెట్టానే," అంది అత్తగారు గర్వంగా.

"అయ్యో అత్తయ్యా! ఇది చెట్టుపాల పూత. పొడిగాలికి ఆరదు. తేమ తాగితేనే గట్టిపడుతుంది."

"తడిపితే ఆరడమా? చోద్యం కాకపోతే!"

జిగురమ్మ వంగి రెక్క మీద ఊపిరి వదిలింది. గట్టిపడుతున్న పూత మీదైతే ఆవిరి తెల్లగా నిలవాలి. నిలవలేదు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది; ఇల్లంతా ఎండుటాకులా ఉంది. ఇంట్లో తేమ ఉన్నది ఒక్కచోటే.

భుజాన తువ్వాలుతో వచ్చిన భర్త స్నానాల గది గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల ఎత్తయిన అరుగు మీద తలుపు పడుకుని ఉంది.

"నేనెక్కడ చెయ్యాలి స్నానం?"

"మీ అన్నయ్యగారింట్లో. ఆరని పూతకి చెయ్యి తగిలిందా, దురదతో వారం రోజులు గోక్కుంటారు!"

చేసిన పొరపాటు అత్తగారే భుజానికెత్తుకుంది. తడి దుప్పట్లు వేలాడదీసింది, గంటకోసారి నేల తడిపింది, గుమ్మంలో పీట వేసుకుని కాపలా కూర్చుంది. మూడు రోజులు ఆ గది వానాకాలాన్ని దాచుకున్న డబ్బాలా చల్లగా ఊపిరి పీల్చింది.

శనివారం గురువుగారు చెప్పులు విప్పి, కొంగ మీదికి వంగి ఊపిరి వదిలారు. రెక్క మీద తెల్లటి తెర నిలిచింది, మెల్లగా కరిగింది. పాత నలుపు ఎక్కడ ఆగిందో, కొత్త నలుపు ఎక్కడ మొదలైందో ఆయన కళ్లకీ దొరకలేదు.

"ఒక పాత మేజా వచ్చింది. కాళ్లు నాలుగూ పెచ్చులే. నీ దగ్గరికి పంపిస్తాను," అన్నారు. "ధర నువ్వే మాట్లాడుకో."

జిగురమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈలోగా అత్తగారు కొంగు సర్దుకుని వంగి, ఉఫ్‌మని ఊదింది. కొంగ మబ్బులో దూరింది, మళ్లీ బయటికొచ్చింది.

"ఉండండి గురువుగారూ, ఇంకొక్కసారి!" అంది అత్తగారు.