ఊపిరి దాకా

ఆస్ట్రేలియాలోని బెండిగో ఊళ్లో ట్రాము నడిపి రిటైరైన మా పక్కింటి మెర్విన్ ముప్ఫై ఏళ్లలో పదకొండు జతల స్పీకర్లు మార్చాడు. ప్రతి జతనూ ఒకే రికార్డుతో పరీక్షిస్తాడు. మొదటి పాటలో గాయని ఊపిరి పీల్చే చోటు రాగానే సూది ఎత్తేస్తాడు. ఆ ఊపిరి ఎంత సహజంగా వినబడిందన్నదే పరీక్ష; మిగతా పాటతో ఆయనకు పనిలేదు.

పన్నెండో జతను కొట్టువాడు రెండు రోజులు ఇంట్లో విని చూడమని ఇచ్చాడు. ఊపిరి వినబడింది. మెర్విన్ చెయ్యి సూది మీదికి పోయింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరగ్గొడతా!" అంది భార్య నోరీన్. "ఊపిరి పీల్చుకుని ఆవిడ ఏం పాడిందో ముప్ఫై ఏళ్లుగా తెలీదు నాకు."

పాట చివరిదాకా సాగింది. నోరీన్ కళ్లు తుడుచుకుంది.

"పాట బాగానే ఉంది," అన్నాడు మెర్విన్, స్పీకర్లను తిరిగి అట్టపెట్టెలో సర్దుతూ. "ఊపిరే సరిగ్గా రాలేదు."