బస్సెక్కిన స్టెప్నీ

టైరు కొనడానికి పోయేవాళ్లు ఇంటినుంచి ఇంకో టైరును మోసుకుపోవద్దు. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే నా నడుము నాకు మిగిలేది. చెప్పాల్సిన మనిషి నోరు మూసుకున్నాడు కాబట్టి నేనూ నా మనవరాలు గౌరి మార్గశిర మాసపు చలిలో ఒక చక్రాన్ని తళి నుంచి హోసూరుకు, హోసూరు నుంచి కృష్ణగిరికి ఊరేగించి తిరిగి ఇంటికి తెచ్చుకున్నాం. మీలో ఎవరైనా ఈ పనిమీద బయలుదేరేటట్టయితే ఇది చదివి బయలుదేరండి.

మాది తళి పక్కన పల్లె. గులాబీలు, క్యాబేజీ పండిస్తాం. ఇంటికి ఒక చిన్న సరుకుల వ్యాను ఉంది. నా అల్లుడు మునిరాజుకు నడుము పట్టేసినప్పటి నుంచి దాన్ని ఆయన కూతురు గౌరే నడుపుతోంది. చలికాలంలో తెల్లవారకముందే హోసూరు మార్కెట్టుకు పూలు, ఎండాకాలంలో కావేరిపట్టణం తోటల నుంచి కృష్ణగిరి మండీలకు మామిడికాయలు. రెండేళ్లలో బండికి ఒక గీత పడనివ్వని పిల్ల. అలాంటిది మొన్న ఒక వేకువన పొగమంచులో, నీలగిరి చెట్ల మలుపు దగ్గర తడిరోడ్డు మీద బండి జర్రున జారి కోసిన రాగిచేలోకి దిగిపోయింది. పిల్లకు దెబ్బ తగల్లేదు. పూలబుట్టలన్నీ బురదలో పొర్లాయి.

ఆ రోజు నుంచి గౌరి స్టీరింగు ముట్టలేదు. అల్లుడికి అదే చాలు. "ఆడపిల్ల చేతికి బండి ఇస్తే ఇట్లనే అయితాది" అని తాళంచెవి బీరువాలో పెట్టేశాడు. మత్తూరు వ్యాపారి ఒకాయనకు ఫోన్ చేసి ఆదివారం వచ్చి బండి చూసుకోమన్నాడు. గౌరి తప్పంతా తనదే అన్నట్టు తల వంచుకుని పేడ ఎత్తుకుంటోంది. నా ఒళ్లు మండింది అందుకే.

"టైర్లు నున్నగా అరిగిపోయినాయి. అవి మారిస్తే బండి నిలబడతాది. నేను పోయి చూసుకొస్తాను" అన్నాను.

"పో అత్తా, నేనేమన్నా వద్దంటినా? బండి మాత్రం కదిలేదే లేదు" అన్నాడు.

బండి కదలకపోతే కొలత ఎట్లా? దర్జీ దగ్గరికి పోయేటప్పుడు పాత రవిక ఒకటి కొలతకు తీసుకుపోతాం కదా, అట్లాగే బండి వెనక కింద బిగించి ఉన్న స్టెప్నీ చక్రాన్ని విప్పించి గోనెసంచిలో కట్టించాను. నా ఎదురుగానే విప్పాడు అల్లుడు. విప్పి, దాన్ని ఒకసారి చూసి, నన్ను ఒకసారి చూసి, గొడ్లకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

శుక్రవారం ఆరున్నర బస్సు ఏడు గంటలకు వచ్చింది. టౌను బస్సు, ఆడవాళ్లకు టికెట్టు లేదు. చక్రాన్ని చెరో పక్క పట్టుకుని ఎక్కించి మా కాళ్ల మధ్య నిలబెట్టుకున్నాం. కండక్టరు వచ్చి దాన్ని చేత్తో తట్టాడు.

"దీనికి లగేజి టికెట్టు తీయల్ల, అవ్వా."

"ఆడోళ్లకు ఫ్రీ కదప్పా?"

"ఆడోళ్లకు ఫ్రీనే. ఇదేమన్నా ఆడదా?"

"నా ఒళ్లో కూర్చుంటాది. చంటిబిడ్డ అనుకో."

"చంటిబిడ్డకు ఇంత బురద ఉంటాదా, అవ్వా? నా కొలువు పోగొట్టేట్టు ఉండావే" అని టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. మనుషులిద్దరం ఊరకే పోతుంటే చక్రం మాత్రం పది రూపాయలు పెట్టి పోయింది.

పక్క సీటులో బీన్సు మూటతో ఒకామె కూర్చుని ఉంది. మా వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "ఏమక్కా, దారిలో బస్సు టైరు పోతే ఉండనీ అని తెచ్చినారా?" అంది. నేను విషయం చెప్పాను. ఆమె నవ్వడం మానేసింది. "హోసూరులో అద్దాల అంగళ్లే ఎక్కువ. ఆడ కుదరకపోతే కృష్ణగిరికి పో. బస్టాండు దాటినాక కమలమ్మ అని, మొగుడు పోయినాక ఆమే టైర్ల అంగడి చూసుకుంటా ఉండాది. మా బండికి ఆడే వేయిస్తాము" అని చెప్పింది.

నీలగిరి చెట్ల మలుపు వచ్చింది. ఎండ ఇంకా పడలేదు, రోడ్డు నల్లగా మెరుస్తోంది. గౌరి కిటికీ వైపు తిరగలేదు. రెండు చేతులతో చక్రాన్ని గట్టిగా పట్టుకుంది. బస్సు మలుపు తిరిగిపోయాక కూడా పట్టు వదల్లేదు.

ఎనిమిదిన్నరకు హోసూరులో దిగాం. బస్టాండు పక్కన ఇడ్లీ తిన్నాం. చట్నీలో నీళ్లు తప్ప ఏమీ లేవు, పైగా దానికి వాళ్లు చెప్పిన ధరకు మా ఇంట్లో అందరం తినొచ్చు. టైర్ల అంగళ్లు తొమ్మిదికి తెరుస్తారని ఒకరు, తొమ్మిదిన్నరకని ఇంకొకరు చెప్పారు. మేము చక్రం మీద గోనెసంచి పరుచుకుని దానిమీదే వంతులవారీగా కూర్చున్నాం. పదికి షట్టరు లేచింది.

పెద్ద అంగడి. లోపల ఏసీ. గోడనిండా వెండిగిన్నెల్లా మెరిసే చక్రాలు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన మా స్టెప్నీని చూసి, దానిమీద నంబరు చదువుకుని, వెంటనే లెక్క మొదలుపెట్టాడు.

"అమ్మా, ఈ ఇనుప రిమ్ములు తీసి పారేయండి. అల్లాయ్ వీల్స్ వేద్దాం. టైరు కూడా ఇంకా వెడల్పుది పెడితే లుక్కు వస్తాది."

"లుక్కు ఎవరికప్పా? క్యాబేజీలకా?"

ఆయన నవ్వలేదు. మా తళి పొగమంచు సంగతి, కృష్ణగిరి ఎండ సంగతి చెప్పాను. దాంతో ఇంకా ఉత్సాహం వచ్చి ఫోన్లో వీడియో పెట్టాడు. అందులో తెల్లటి మంచుగడ్డల మీద ఒక కారు పోతోంది.

"చలికి మెత్తని రబ్బరు, ఎండకు గట్టి రబ్బరు. వింటర్‌కు ఒక సెట్టు, సమ్మర్‌కు ఒక సెట్టు. ఫారిన్‌లో అంతా అట్లనే చేస్తారు. ఆర్డరు పెడితే తెప్పిస్తాను."

"మా ఇంట్లో చలికాలం కప్పుకునే దుప్పటే ఎండాకాలం కింద పరుచుకుంటాము."

"దుప్పటి వేరే, టైరు వేరేమ్మా."

"సరే అప్పా. మా బండికి పొద్దున తళిలో వణుకు, అదే రోజు మధ్యాహ్నం కృష్ణగిరిలో మంట. దారిమధ్యలో శూలగిరి దగ్గర ఆపి నాలుగు చక్రాలూ మార్చుకుంటా పోవల్లనా?"

దానికి ఆయన ఎనిమిది టైర్లకు ధర చెప్పాడు. ఆ ధరకు రెండు ఆవులు వస్తాయి. బండి ఎక్కడుంది, ఎట్లా జారింది, ఎంత బరువు ఎత్తుతారు అని ఒక్క మాట అడగని మనిషి దగ్గర ఇంకేం కొంటాం! చక్రాన్ని మళ్లీ గోనెలో కట్టాం.

కృష్ణగిరిది టౌను బస్సు కాదు, ఇద్దరికీ టికెట్టు. ఆ కండక్టరు చక్రాన్ని లోపలికి రానివ్వనన్నాడు. వెనక డిక్కీలో పడేయించాడు. శూలగిరి దాటే సరికి స్వెట్టరు విప్పాను. పొద్దున పళ్లు కొరికించిన గాలే ఇప్పుడు కిటికీలోంచి సెగలా కొడుతోంది. గౌరి అప్పుడు నోరు తెరిచింది.

"అవ్వా, ఊరకే ఎందుకు ఇంత కష్టం? అమ్మేస్తే అమ్మేయనీలే."

"ఎందుకమ్మా?"

"కొత్త టైర్లు వేస్తే మాత్రం నడిపేది నేనే కదా? ఆ పొద్దు బండి నా చేతిలో లేదవ్వా. ఎవురో వెనక పట్టుకుని పక్కకు లాగినట్టుండె. నాకే పట్టుకోను రాలేదు."

చిత్రాన్నం పొట్లం విప్పి ఆమె ఒళ్లో పెట్టాను.

ఒంటిగంటకు కృష్ణగిరి. కొండ మీది బండలు పెనంలా కాలుతున్నాయి. ఆటో ఆయన చక్రాన్ని చూసి ఒకటికి రెండింతలు అడిగాడు. "నీ ఆటోకు మూడే ఉండాయి, దీన్ని నాలుగోదిగా పెట్టుకో" అని చెప్పి, చక్రాన్ని రోడ్డు పక్కన దొర్లించుకుంటూ పోయాం. మనవరాలు తోస్తుంటే, దొర్లి కాలవలో పడకుండా నేను అడ్డం నడిచాను. బడిపిల్లలు చూసి ఈలలు వేశారు.

కమలమ్మ అంగడి రేకుల షెడ్డు. నా ఈడుదే, నుదుట విభూతి, నడుముకు తాళాలగుత్తి. మాకు ముందు నీళ్లిచ్చింది. గోనె విప్పగానే అడిగిన మొదటి మాట, "బండి యాడ?"

"ఊర్లో."

"ఇది స్టెప్నీ కదా?"

"అవునమ్మా. కొలతకు తెచ్చినాము."

ఆమె వంగి టైరు అంచులో వేలుపెట్టి గీకింది. ఎర్రమట్టి, దాంట్లో రాగిగడ్డి పోచలు రాలాయి. "స్టెప్నీ అంటే బండి కింద పడుకునుండేది. ఇది చేలో తిరిగొచ్చినట్టుండాదే?" అంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. బండి జారడానికి ముందు రోజు సాయంత్రం నేను వాకిట్లో అనపగింజలు ఒలుస్తున్నాను. అల్లుడు జాకీ పెట్టి వెనక ఎడమ చక్రం మారుస్తున్నాడు. పంక్చరు అన్నాడు. పంక్చరు వేయించిన చక్రాన్ని బండి జారిన మర్నాడు మళ్లీ బిగించాడు. మధ్యలో ఆ వేకువన పిల్ల నడిపిన బండి కింద తిరిగింది ఇదే. చీకట్లో లోడు ఎత్తుకుని పోయిన పిల్ల చక్రాలు ఎక్కడ చూస్తుంది?

"బండి ఫోటో ఏమన్నా ఉండాదా పాపా?" అంది కమలమ్మ.

గౌరి ఫోన్లో ఆయుధపూజ నాటి ఫోటో ఉంది. చక్రానికి పసుపు కుంకుమ, కింద నిమ్మకాయ. కమలమ్మ దాన్ని వేళ్లతో పెద్దది చేసి టైరుమీది నంబరు చదివింది. మా గోనెలోని చక్రం నంబరు చదివింది. మళ్లీ ఫోటో చూసింది. లోపలి నుంచి ఒక టైరు దొర్లించుకొచ్చి మా చక్రం పక్కన నిలబెట్టింది. మాది రెండు వేళ్లు పొట్టి. పైగా నా అరచేతిలా నున్నగా ఉంది.

"రిమ్ము ఒకటే. టైరు వేరే బండిది" అంది కమలమ్మ. "వెనక ఒక కాలు పొట్టి, దాంట్లో పట్టు లేదు. తడిలో బ్రేకు ముట్టినాక ఆ పక్కకు లాక్కుపోక ఏం చేస్తాది? దీన్ని వేసుకుని నువ్వు చేలో దించినావంటే నీ చేయి మంచిది పాపా. మా ఆయనైతే చెట్టుకు పెట్టి ఉండును."

గౌరి ఆ పొట్టి చక్రం ముందు గొంతుక్కూర్చుని, దాన్ని చేత్తో ఒకసారి తడిమి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

నేను అక్కడినుంచే అల్లుడికి ఫోన్ చేశాను.

"స్టెప్నీ యాడ కొంటివప్పా?"

"గుజిరీ అంగట్లో, పాత సామాన్లలో, అత్తా. బోల్టులు సరిపోయినాయి కదా, ఒక్క రోజుకేమయితాదిలే అనుకొంటిని."

"చెప్పులో కాలు దూరితే సరిపోయినట్టేనా? ఒక కాలికి నీ చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని తళి దాకా నడిచి చూపించు. మత్తూరాయనను రావద్దని చెప్పు."

ఫోన్ పెట్టేశాను. కమలమ్మ వింటర్ టైర్లు, సమ్మర్ టైర్లు అనలేదు. ఈ సీమలో గడ్డమంచు పడదు, తడికి నీళ్లు బయటికి పోయే లోతు గాడులు ఉండాలి, ఎండకు బరువు మోసే గట్టి పక్కలు ఉండాలి, రెండూ ఉన్న టైరు ఒకటే చాలు, అయిదూ ఒకటే కొలతవి వేయండి అంది. టైర్లలో గాలి పొద్దున అవి చల్లగా ఉన్నప్పుడే చూసుకోమంది. అరిగిన నాలుగూ తీసుకుని ధర తగ్గిస్తానంది. ఇంకా తగ్గించమన్నాను. తగ్గించింది. ఇంకా అడిగితే నీళ్ల చెంబు మళ్లీ ముందు పెట్టి నవ్వింది, అక్కడితో ఆపేశాను. సోమవారం ఎండెక్కాక బండితో వస్తామని చెప్పాను.

ఈ పొట్టిదాన్ని అక్కడే పారేయమంది ఆమె. నేను ఒప్పుకోలేదు. ఇంటి దగ్గర దానికి ఇంకో పని ఉంది.

మూడు గంటల బస్సు, హోసూరులో మారి మళ్లీ టౌను బస్సు. పొద్దుటి కండక్టరే. "ఏమవ్వా, చంటిబిడ్డను ఎవురూ ఉంచుకోలేదా?" అన్నాడు. మారుమాట లేకుండా లగేజి టికెట్టు తీసుకున్నాను. ఈసారి మలుపు దగ్గర గౌరి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చెట్లను, చేలో ఇంకా పూడని చక్రాల గాడిని మెడ తిప్పి మరీ చూసింది. "ఈడ రెండో గేరులో దిగల్ల" అంది, నాతో కాదు, తనలో తాను.

ఊరి స్టాపులో దిగేసరికి పొద్దు వాలింది. అల్లుడు అక్కడే నిలబడి ఉన్నాడు, మఫ్లరు చెవులకు చుట్టుకుని. నా వైపు చూడలేదు. చక్రం అందుకోవడానికి చేతులు చాచాడు. గౌరి చక్రం వదల్లేదు. ఇంకో చేయి చాపింది, అరచేయి పైకి. ఆయన జేబులో వెతికి తాళంచెవి తీసి అందులో పెట్టాడు.

అప్పుడు వదిలింది. ఆయన నడుము బాగాలేదని నాకు తెలుసు. అయినా స్టాపు నుంచి ఇంటిదాకా ఆ చక్రాన్ని ఆయన్నే మోయనిచ్చాను. ఒక్కసారి కూడా చేయి వేయలేదు.