మూడు కణుపులు, ఒక అరచెయ్యి

మా ఇంట్లో దయ్యాల కథలు చెప్పుకోవడానికి పనివాళ్లకు కూడా అనుమతి ఉండేది కాదు. మా తాతగారికి, మేము పిలిచే మాటలో జేజినాయనకు, అవి చెవిన పడితే కోపం వచ్చేది. ఆ పద్ధతిలోనే నేనూ పెరిగాను. నాకిప్పుడు యాభై రెండేళ్లు. శ్మశానం పక్క దారిలో ఒంటరిగా నడిచాను, చావు జరిగిన గదుల్లో పడుకుని హాయిగా నిద్రపోయాను. కాబట్టి కింద రాసినదాన్ని పిరికివాడి మాటగా చదవొద్దు.

ఎర్రగుంట్ల దగ్గర మాకు నాపరాతి గనులు ఉండేవి. 'ఉండేవి' అని రాయడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం అదే. ఇప్పుడు నేను పరదేశాలకు కడప బండలు పంపే ఒక కంపెనీలో ఉద్యోగిని. పరిచిన బండలు మనుషుల బరువుకు నిలుస్తాయని చూసి, సంతకం పెట్టడం నా పని. గనులు పోయాయి, ఇల్లు సగం పోయింది. మా ఇంటిపేరుతో నేను పెట్టే ఆ సంతకానికే ఇంకా విలువ ఉంది. అది తప్పు కాకూడదు. నాకు అంతకంటే పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

మూడేళ్ల క్రితం ఇటలీ దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున ఉన్న ఒక విహారపు ఊళ్లో, ఒక హోటలుకు మా బండలు కుదిరాయి. ఊరి పేరు రాయను. ఇసుకకు రెండు నిలువుల ఎత్తున ఆ హోటలుకు పెద్ద అరుగు ఉంది. అతిథులు అక్కడే భోజనాలు చేస్తారు. పాత రాళ్లు తీసేసి మావి పరచాలి.

మొదటిసారి జనవరిలో, కొలతల కోసం ఒక్కణ్నే వెళ్లాను. ఊరంతా మూసి ఉంది. గొడుగులన్నీ మడిచి రేకుల షెడ్డులో పేర్చారు. వీధిలో పిల్లులు తప్ప మనుషులు లేరు. హోటలు యజమానురాలు అరవై దాటిన మనిషి, మాట పొదుపు. నాకొక గది తెరిచి ఇచ్చి, తాను ఊరి పైభాగంలో ఉన్న ఇంటికి వెళ్లిపోయింది.

రెండో రోజు, మధ్యాహ్నం మూడు గంటలకు, అరుగు మీద ఎవరో బండ తట్టడం విన్నాను. వేలి కణుపుతో మూడుసార్లు. తర్వాత అరచేత్తో ఒకసారి. కొంచెం జరిగి మళ్లీ మూడు, మళ్లీ అరచెయ్యి.

రాయి పగుళ్లు తెలుసుకోవడానికి అందరూ చిన్న సుత్తి వాడతారు. కణుపుతో తట్టి, చివర ఎద్దు వీపు చరిచినట్టు అరచెయ్యి వేసే మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. మా జేజినాయన పోయి ముప్పై ఏళ్లు దాటింది.

తలుపు తీసి చూశాను. ఎవరూ లేరు. చప్పుడు మాత్రం ఆగలేదు. వరస వెంట వరస జరుగుతూ, సముద్రం వైపు నుంచి ఏడో వరసలో ఒకచోట మూడు కణుపులు పడ్డాయి, అరచెయ్యి పడలేదు. మళ్లీ మూడు. మళ్లీ అరచెయ్యి లేదు. అక్కడితో ఆగిపోయింది.

గొట్టాల్లో నీటి చప్పుడని మీరనొచ్చు. ఆ చలికాలం హోటలుకు నీళ్లు పూర్తిగా కట్టేశారు. నేను బకెట్టు నీళ్లతో మొహం కడుక్కున్నాను. కిటికీ రెక్కలు, పక్క భవనాలు, అరుగు కింది గోడ అన్నీ చూశాను. అలసట అనుకుని కొలతలు పూర్తి చేసి వచ్చేశాను.

ఏప్రిల్‌లో బండలు చేరాయి. పరచడానికి బేతంచర్ల మేస్త్రీ హుసేన్ నాతో వచ్చాడు. అతని తండ్రి మా గనిలో పనిచేశాడు. ఆయన మా జేజినాయనను 'సామీ' అనేవాడు. హుసేన్ నన్ను సాటివాణ్ని పిలిచినట్టు 'అప్పా' అంటాడు. నేను పట్టించుకోను. పట్టించుకుంటానని హుసేన్‌కు తెలుసు.

ఆ ఊరు అప్పుడే కళ్లు తెరుస్తోంది. ఎక్కడ చూసినా రంగుల వాసన. ఇసుకలో చేరిన నాచును మనుషులు దంతెలతో లాగుతున్నారు. హుసేన్ అలలను చూసి, "మన పెన్నకు దీంట్లో ఒక్క పాయ పంపిచ్చే పుణ్యముంటాది కదప్పా" అన్నాడు.

పరవడం అయిపోయిన రోజు మేమిద్దరం అరుగు చివర టీ తాగుతుండగా చప్పుడు మొదలైంది. హుసేన్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇనపడతాండాదా?" అన్నాడు.

"ఏది?" అన్నాను.

"అబద్ధం చెప్పొద్దప్పా, నీ మొగం చూస్తాండా. అది పెద్దసామి చెయ్యి."

"నోరు మూసుకుని టీ తాగు" అన్నాను.

ఏడో వరసలో, అదే చోట అరచెయ్యి పడలేదు. నేను లేచి వెళ్లి ఆ బండను సుత్తితో, కణుపుతో తట్టి చూశాను. గంటలా పలికింది. బండల కింద మట్టి గట్టిగా ఉందని స్థానిక ఇంజనీరు రాసిచ్చాడు. ప్రారంభానికి అనుమతిస్తూ సంతకం పెట్టాను. చేతిలో ఉన్న ఆధారాలను బట్టి అది సరైన సంతకమే. ఇప్పటికీ అదే అంటాను.

ఒప్పందం ప్రకారం వేసవి రద్దీలో అరుగును మరోసారి చూసి తుది సంతకం పెట్టాలి. ఆగస్టులో ఇద్దరం వెళ్లాం. అది జనవరిలో నేను చూసిన ఊరేనా అనిపించింది. గొడుగు పక్కన గొడుగు, ఇసుక కనబడదు. అరుగు నిండా భోజనం బల్లలు. స్నానం చేసి వచ్చినవాళ్లు ఒళ్లు కడుక్కునే కుళాయిల దగ్గర పొద్దస్తమానం వరస.

మధ్యాహ్నం, భోజనాల హడావుడికి గంట ముందు, పళ్లేల చప్పుడు మధ్యన ఆ తట్టడం స్పష్టంగా వినిపించింది. ఏడో వరస. మూడు కణుపులు. అంతే. ఆ బండ మీద ఎనిమిదిమంది కూర్చునే బల్ల వేసి, తెల్లని గుడ్డ పరిచి ఉంది.

నేను కదల్లేదు. హుసేన్ నా పక్కకు వచ్చాడు.

"పెద్దసామి అట్ల ఎందుకు తట్టేవోడో నీకెవరూ చెప్పల్యా?"

"పనితనం" అన్నాను.

"పనితనం కాదప్పా. ఒకసారి తొందరలో చూడకుండా బండలు పంపినాడు. మా మేనత్త ఇంటి మిద్దె కప్పేకి. ఒకటి పగిలి మీద పడింది. ఆ యమ్మ పోయింది. అప్పట్నుంచి ప్రతి బండా తానే తట్టినాడు. రోజుకు పది బండ్లు పోయే గనిలో రెండు బండ్లు పోయేవి. కొనేటోళ్లు యాడ నిలబడతారు? గని పోయింది అట్ల."

భాగస్తులు మోసం చేయడం వల్ల గనులు పోయాయని మా ఇంట్లో చెప్పేవారు. నేను కూడా ఎందరికో అదే చెప్పాను.

"మరి ఆ అరచెయ్యి?" అన్నాను.

"బాగుండే బండ మీదనే ఏసేవోడు. పో అని పంపినట్ల. మా నాయన చెప్తాండె."

నేను యజమానురాలి దగ్గరకు వెళ్లి, ఆ బల్ల తీయించి బండ ఎత్తాలన్నాను. కారణం అడిగింది. "నాకు అనుమానంగా ఉంది" అన్నాను. రాయిలో పగులు చూపించమంది. పగులు లేదన్నాను. వేసవిలో ఒక మధ్యాహ్నం పాడుచేసి, కింద ఏమీ లేకపోతే మా కంపెనీతో పని ఆపేస్తానంది. ఆపేయండి, అంతవరకూ ఎవరూ ఆ బండ ఎక్కకూడదు అని దాని మీద నేనే నిలబడ్డాను. అది తెలివితక్కువ పని. నిటారుగా నిలబడటం మాత్రం నాకు చేతనవును.

"అప్పా, నువ్వు దిగు. నిన్ను ఎత్తేకి నా వల్ల కాదు" అన్నాడు హుసేన్, గడ్డపార పట్టుకుని.

బండ లేచింది. ఎక్కడా పగుల్లేదు. కింద మట్టి లేదు. ఒక మనిషి నడుము లోతు గుంత, అడుగున నీళ్లు పారుతున్న చప్పుడు. కుళాయిలకు వెళ్లే గొట్టం ఒకటి అతుకు దగ్గర విడిపోయి, వేసవి మొదలైనప్పటి నుంచి మట్టిని సముద్రంలోకి కడిగేసింది. యజమానురాలు ఆ గుంతను చూసి, తర్వాత ఆ బల్లను చూసి, అరుగు మీది బల్లలన్నీ తీసేయమంది.

తుది సంతకం నవంబరుకు వాయిదా పడింది. అప్పటికి గొట్టం మార్చారు, గుంత పూడ్చారు. ఊరు మళ్లీ ఖాళీ అయింది. సన్నని వాన. కుర్చీలను గొలుసులతో కట్టేశారు. ఐదు రోజులున్నాం. ఏ చప్పుడూ రాలేదు. ప్రతి బండా నేనూ హుసేన్ కలిసి తట్టాం.

మేము విన్న చప్పుడు ఆ విడిపోయిన గొట్టానిదే కావచ్చని ఒక స్నేహితుడు అన్నాడు. కానీ జనవరిలో గొట్టం బాగుంది, నీళ్లు లేవు, మా బండే అక్కడ లేదు. కడప జిల్లా దాటని మనిషి, సముద్రం చూడకుండానే పోయిన మనిషి, అక్కడికి ఎందుకు రావాలి? మా సొంత గనిలో నేను ఎన్నో రోజులు ఒంటరిగా తిరిగాను. అక్కడెప్పుడూ ఏదీ వినపడలేదు.

కాగితం మీద సంతకానికి ఒకటే గీత ఉంది. దాని పైన ఇంకో గీత గీసి, కలం హుసేన్‌కు ఇచ్చాను.

"నాదెందుకప్పా? నేను మేస్త్రీని."

"మీ మేనత్త పేరేంది?" అని అడిగాను.

"ఖాజాబీ" అన్నాడు.

అంతవరకూ మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకగా నేను వినలేదు. హుసేన్ పై గీత మీద మెల్లగా సంతకం పెట్టాడు. నేను కింద పెట్టాను.