హెలెనమ్మ సిగ్నల్ అట్ట

హెలెనమ్మను ఎవరైనా డాక్టరమ్మా అని పిలిస్తే, ఎంత తొందరలో ఉన్నా ఆగి సరిదిద్దేది. "డాక్టర్ని కానమ్మా, 108లో టెక్నీషియన్ని." ప్రాణం పోతుంటే ఈ పట్టింపేమిటని నాకు ఒళ్లు మండేది. నా పేరు సైదా, ఆ బండి డ్రైవర్ని. మా ఉద్యోగంలో డ్రైవర్ని పైలట్ అంటారు. పేరు గొప్పే గానీ, నేను నడిపేది ప్రత్తిపాడు చుట్టుపక్కల నల్లరేగడి డొంకల్లో. ఆ పత్తి చేలు, మిరప చేల మధ్య ఆమెతో ఎనిమిదేళ్లు తిరిగాను. కేసు లేనప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర బండి ఆపి, టీ తాగి, ఇంటికి ఫోన్ చేసుకునేవాణ్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఆమెకు అసలు కోపం ఉందో లేదో చాలాకాలం తెలియలేదు.

ఆమెది పెదకాకాని పక్క పల్లె. వాళ్లమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లి చదివించింది. ఇంటికొచ్చాక చేతుల మంట చల్లారడానికి మజ్జిగ గిన్నెలో వేళ్లు ముంచుకుని కూర్చునేదట. ఆ గిన్నె పక్కనే కూర్చుని చదువుకున్నానని హెలెనమ్మ ఒకసారి చెప్పింది. అంతకుమించి తన గురించి చెప్పుకునే మనిషి కాదు.

మా బండిలో ఎవరి గీత వాళ్లకుంది. నేను నడపాలి, స్ట్రెచర్ మోయాలి, ఆమె చెబితే రోగి గుండె మీద నొక్కాలి. ఆమె ఆక్సిజన్ పెట్టవచ్చు, నోట్లో చేరిన నురగను మిషనుతో లాగవచ్చు, సెలైన్ ఎక్కించవచ్చు. గొంతులోకి గొట్టం దించడం మాత్రం ఆసుపత్రిలో డాక్టర్ల పని. ఇక పెట్టెలో కొన్ని సూదిమందులు ఉంటాయి. కాల్ సెంటర్ డాక్టరుగారు ఫోన్లో వేయమంటేనే ఆమె వాటిని ముట్టుకోవాలి. పురుగుమందు ఒంటికి పట్టినవాళ్లకు విరుగుడుగా వేసే ఎట్రోపిన్ వాటిలో ఒకటి. మా పల్లెల్లో ఆరెంపీలకు ఏ గీతా లేదు. సూది పడందే వైద్యం కాదని జనం కూడా నమ్ముతారు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సంగతులు నేను బోలెడు చూశాను.

నాలుగేళ్ల క్రితం ప్రేమ్‌చంద్ అనే కుర్ర రైతు ఎదురుగాలికి మిరప చేనులో మందు కొడుతూ పడిపోయాడు. పెళ్లయి ఏడాది. మేం వెళ్లేసరికి ఆరెంపీ ఏదో సూది వేసి, గట్టు దాటి జారుకున్నాడు. బండి కదిలాక హెలెనమ్మ తన ఫోనూ, బండి ఫోనూ తీసింది. ఒక్కదానికీ సిగ్నల్ లేదు.

"ఇక్కడెక్కడ సిగ్నల్ దొరుకుద్ది సైదన్నా?" అని వెనక నుంచి కేకేసింది.

"ఈ చేలల్లో సిగ్నలేందమ్మా! నువ్వు వేసెయ్, ఎవరు చూడొచ్చారు?"

"ఆరెంపీ ఏం వేశాడో తెలీదు. దాని మీద ఎంత వెయ్యాలో నాకు తెలీదు. నువ్వు నడుపు."

నడిపాను. చాలాసేపటికి మెయిన్ రోడ్డెక్కాక ఫోన్ కలిసింది. డాక్టరుగారు చెప్పారు, ఆమె వేసింది. గుంటూరు పొలిమేరల్లో ప్రేమ్‌చంద్ పోయాడు. ఆసుపత్రి మెట్ల మీద అతని భార్య ముందే నేను నోరు జారాను. "మందు పెట్టెలో పెట్టుకుని మనిషిని చంపావు హెలెనమ్మా" అన్నాను. ఆమె తల వంచుకుని బండి కడగడానికి వెళ్లింది. నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆ తర్వాత సెలవు రోజుల్లో ఆమె స్కూటీ వేసుకుని, రెండు కంపెనీల ఫోన్లు పట్టుకుని డొంకలన్నీ తిరగడం మొదలుపెట్టింది. ఎక్కడ సిగ్నల్ పడితే అక్కడ కాలెండరు అట్ట వెనక గీసుకున్న దారుల మీద ఎర్ర స్కెచ్చుతో చుక్క పెట్టి, అంకె వేసేది. వాటర్ ట్యాంకు మెట్లు, చర్చి గేటు, కాలవ కట్ట మీద తూము. ఊరి జనం ఈమెకు పిచ్చి పట్టిందన్నారు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటన్నావా?" అని నేనూ ఒక మాట విసిరాను.

"ఇంకా కాలాల్సిన చేతులు చాలా ఉన్నాయి సైదన్నా" అంది.

నలభై ఒక్క చుక్కలయ్యాక ఆ అట్టను తెచ్చి నా స్టీరింగు ముందు అంటించింది. చూసినప్పుడల్లా చిరాకు పడుతూనే చుక్కలన్నీ కంఠతా పట్టాను.

పోయిన జనవరిలో రాఘవమ్మ కేసు వచ్చింది. ప్రేమ్‌చంద్ పడిపోయిన చేలవైపే. మధ్యాహ్నం వెళ్లేసరికి ఆమెను వేపచెట్టు నీడలో పడుకోబెట్టి విరుగుడని చింతపండు పులుసు తాగించబోతున్నారు. హెలెనమ్మ ఆ గిన్నె లాగి పక్కన పెట్టింది. రాఘవమ్మ నోట నురగ, కనుపాపలు గసగసాలంత.

"మందు తాగలేదండీ, ఒట్టు!" అన్నాడు ఆమె భర్త బాపయ్య. "పొద్దుట్నించీ డ్రమ్ములో మందు నీళ్లు బిందెతో మోసి మందు కొట్టే పంపులో పోసింది, అంతే."

తాగితేనే ప్రాణం మీదికి వస్తుందని మా పల్లెల్లో లెక్క. బిందె తొణికి ఒళ్లంతా తడిసిన చీర అలాగే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"చీర తీసెయ్యాలి. నీళ్లు, సబ్బు తెండి" అంది హెలెనమ్మ.

"సూది వెయ్యమంటే స్నానమంటావేందమ్మా! నలుగురిలో ఆడమనిషి చీర విప్పుతావా?"

"ఆ తడే విషం బాపయ్య గారూ. అది ఒంటి మీదున్నంతసేపూ తాగుతున్నట్టే."

కల్లంలో మిరపకాయలు ఆరబోసిన పట్టా ఖాళీ చేయించి, నలుగురు ఆడవాళ్లతో చుట్టూ తెరలా పట్టించింది. నేను వీపు తిప్పి నిలబడి బకెట్లు అందించాను. తల నుంచి గోళ్ల దాకా రుద్ది కడిగింది. దానికి ఏ డాక్టరు అనుమతీ అక్కర్లేదు. అయినా అంతకుముందు అక్కడున్న ఇరవైమందిలో ఒక్కరికీ అది తోచలేదు.

రాఘవమ్మను వెనక, బాపయ్యను నా పక్కన ఎక్కించుకుని బయలుదేరాం. డొంక చివర దారి చీలుతుంది. కుడికి గుంటూరు. ఎడమకు కిలోమీటరులో కోల్డ్ స్టోరేజీ.

"ఎడమకి. ఒకటో చుక్క" అంది.

"ఆసుపత్రి ఇటయితే అటు తిప్పుతావేందిరా!" అని బాపయ్య నా చెయ్యి పట్టుకు గుంజాడు. విడిపించుకుని ఎడమకు తిప్పాను. గేటు దగ్గర ఫోన్ కలిసింది. డాక్టరుగారు అడిగినవి ఒక్కొక్కటే చెప్పింది: నాడి, కనుపాపలు, ఊపిరిలో గరగర. వేయమన్నారు, వేసింది. చూసి మళ్లీ చెప్పింది, మళ్లీ వేసింది. దారిలో ఏం చూడాలో, ఎంత వేయాలో కూడా చెప్పించుకుని అప్పుడు పదమంది. గుంటూరు చేరేసరికి రాఘవమ్మ కళ్లు తెరిచి, "నోరెండిపోతాంది" అంది. అది మందు పట్టిన గుర్తట. ఎనిమిదేళ్లలో హెలెనమ్మ బండిలో నవ్వడం అప్పుడే చూశాను.

తిరిగొస్తూ అట్ట వంక చూశాను. ఒకటో చుక్క పక్కన చిన్న అక్షరాలతో ప్రేమ్‌చంద్ అని ఉంది. రోజూ చూసే అట్టే, ఆ పేరు ఎప్పుడూ చదవలేదు.

"ఇదేంటి హెలెనమ్మా?"

"ఆ రోజు మనం కుడికి తిరిగాం. ఎడమకి తిరిగుంటే మూడు నిమిషాల్లో ఫోన్ కలిసేది."

బండి రోడ్డు పక్కన ఆపేశాను. ఆ గేటు దగ్గర రోజూ టీ తాగుతూ ఇంటికి ఫోన్ చేసింది నేను. సిగ్నల్ ఎక్కడని ఆమె అడిగితే, ఈ చేలల్లో సిగ్నలేందన్నదీ నేనే.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మర్నాడే. నువ్వక్కడ ఫోన్ మాట్లాడుతుంటే చూశా."

"మెట్ల మీద నిన్ను అంత మాటన్నానే! మరి నన్నెందుకు అనలేదు?"

"ఒక్కరు మోస్తే చాలదా సైదన్నా" అంది. నేను స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను.

ఈ ఏడాది హెలెనమ్మకు ఒంగోలు బదిలీ అయింది. అట్ట నా ముందే ఉంది. ఆమె స్థానంలో వచ్చిన నాగజ్యోతి మొదటి రోజే దాన్ని పట్టి పట్టి చదివింది.

"ఒకటో చుక్క దగ్గర ప్రేమ్‌చంద్ అని ఉంది, ఎవరండీ?"

"నేను కుడికి తిప్పిన మనిషి" అన్నాను.